దిగులు బొమ్మలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గ్వాటెమాలా దేశపు దిగులు బొమ్మల గురించి దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి నుంచి జయపురం వరకు మన పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ నెల జవాబులిస్తున్నాం. ఎక్కువమంది అడిగింది తయారీ గురించే. అందుకే దానికి ఎక్కువ చోటిచ్చాం.

ప్ర: అమెరికాలో ఉంటున్న మా ఆడపడుచు మా పాపకి చిన్న కర్ర డబ్బాలో ఆరు బొమ్మలు పంపింది. ఒక్కొక్కటి అగ్గిపుల్లంత పొడవు కూడా లేదు. ఇవి ఎక్కడివి? వీటితో ఏం చెయ్యాలి?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

జ: మెక్సికోకి దక్షిణాన ఉన్న గ్వాటెమాలా దేశంలో, ఎత్తైన కొండప్రాంతాల్లో ఉండే మాయా అనే ఆదివాసులు చేసేవి ఇవి. స్పానిష్‌లో వీటిని మున్యేకాస్ కితాపేనాస్ అంటారు. ఒకటిన్నర నుంచి ఐదు సెంటీమీటర్ల దాకా ఉంటాయి. డబ్బాలో గానీ, చిన్న నేత సంచిలో గానీ పెట్టి అమ్ముతారు. చిచికాస్తెనాంగో ఊళ్లో గురువారం, ఆదివారం జరిగే సంతలోనూ, అతిత్లాన్ సరస్సు ఒడ్డున పనహచేల్ అంగళ్లలోనూ ఇవి కుప్పలుగా కనిపిస్తాయి.

వాడకం తేలికే. పడుకోబోయే ముందు పాప ఒక్కో బొమ్మకు ఒక్కో దిగులు చెప్పుకుని తలగడ కింద పెట్టుకుంటుంది. తెల్లారేసరికి బొమ్మ ఆ దిగులు తీసేసుకుంటుందని నమ్మకం. ఆరు బొమ్మలుంటే ఆరు దిగుళ్లే. ఏది చెప్పాలి, ఏది వదిలెయ్యాలి అని పిల్ల తనకు తానే ఏరుకోవడం ఇందులో అసలు పని అని మేం అనుకుంటాం. మధ్యలో మీరు కలగజేసుకుని "ఏం చెప్పావే?" అని ఆరా తీయకండి.

సూర్యదేవుడు ఇష్ముకానె అనే మాయా రాకుమారికి మనుషుల కష్టాలు తీర్చే శక్తి ఇచ్చాడని, బొమ్మలు ఆమె ప్రతిరూపాలని డబ్బాలో ఉండే కాగితం మీద తరచూ కథ రాసి ఉంటుంది. మాయాల్లో ఒక తెగ అయిన కిచెల పురాణ గ్రంథంలో ఇదే పేరుతో ఉన్నది రాకుమారి కాదు, ముసలి అమ్మమ్మ. ఆమె పసుపు, తెలుపు మొక్కజొన్నలను తొమ్మిదిసార్లు విసిరితే ఆ పిండితో మొదటి మనుషుల ఒళ్లు తయారైంది. అందులో ఈ బొమ్మల ప్రస్తావన లేదు. పాపకు రెండు కథలూ చెప్పండి.

ప్ర: మా అబ్బాయి తలగడ కింద ఈ బొమ్మలు చూసి మా అత్తగారు చేతబడి అనుకుని హడలిపోయారు. అప్పట్నుంచి నాతో సరిగా మాట్లాడడం లేదు. ఆవిడకు ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, గుణుపురం

జ: ఆవిడ భయాన్ని కొట్టిపారెయ్యకండి. గుడ్డతో, దారంతో చేసిన మనిషి ఆకారం చాటుగా దొరికితే మన వైపు పెద్దవాళ్లకు వచ్చే మొదటి ఆలోచన అదే. పట్టపగలు, నలుగురూ ఉన్నప్పుడు, అత్తగారి చేతికే ఒక బొమ్మ ఇచ్చి దారం విప్పమనండి. లోపల తీగో, పుల్లో, మడిచిన కాగితమో తప్ప మరేమీ ఉండదు. ఎవరి వెంట్రుకలూ, గోళ్లూ ఉండవు. కుంకం, నిమ్మకాయ, సూదులు ఉండవు. ఈ బొమ్మ ఎవరి పేరు మీదా చేసింది కాదు. పిల్లాడు చెప్పేది తన దిగులు మాత్రమే.

తలగడ కిందే ఉండాలన్న పట్టింపు కూడా వద్దు. మూత తీసిన డబ్బాలో, అందరికీ కనిపించేలా, మంచం పక్క అలమారలో పెట్టండి. ఇంకా మంచిది, తర్వాతి బొమ్మ అత్తగారి చేతే చేయించండి. వత్తులు చేసిన వేళ్లకు ఈ నూలు చుట్టడం ఒక లెక్కా! తన చేత్తో చుట్టిన బొమ్మను చూసి ఎవరూ భయపడరు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాం. మన జిల్లాల్లో చిల్లంగి పుకారు ఒక ఆడమనిషి ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి. అందుకే ఒడిశాలో 2013లో ప్రత్యేక చట్టమే చేశారు. ఈ గొడవను ఇంటి గడప దాటనివ్వకండి. పిల్లలు సరదాకి కూడా పక్కింటివాళ్ల పేరు బొమ్మకు పెట్టకుండా చూడండి.

ప్ర: మా మహిళా సంఘంలో పన్నెండు మందిమి ఉన్నాం. కుట్టుపని వచ్చు. ఈ బొమ్మలు చేయడానికి సామాను ఎంత కావాలి, వరుసగా ఎలా చెయ్యాలి చెప్పండి. ఒకసారి చేసి చూస్తే నూలు జారిపోయి తల ఊడి వచ్చింది.
– సంఘం సభ్యులు, రాయగడ

జ: నూలు జారినా, తల ఊడినా కారణం ఒకటే: నున్నటి తీగ మీద పట్టు లేకుండా చుట్టారు. మొదటి నుంచీ చూద్దాం.

తీగ మోటార్ వైండింగ్ షాపులో తీసుకోండి. 22 గేజి రాగి తీగ, అంటే 0.71 మిల్లీమీటర్ల లావుది, సరిగ్గా సరిపోతుంది. 24 గేజి మరీ మెత్తన, నూలు బిగించేసరికి చెయ్యి వంకర పోతుంది. 20 గేజి వేళ్లతో సులువుగా వంగదు, ప్లయర్‌తో వంచితే గాట్లు పడతాయి. సెంట్రింగ్ పనివాళ్లు వాడే ఇనుప కట్టు తీగ చవకే గానీ వానాకాలంలో తుప్పు పట్టి నూలు మీదికి మరక దిగుతుంది, వద్దు. ఐదు సెంటీమీటర్లకు కాస్త తక్కువ ఎత్తుండే బొమ్మకు 16 సెంటీమీటర్ల ముక్క ఒకటి, 6 సెంటీమీటర్ల ముక్క ఒకటి కావాలి. నూరు బొమ్మలకు 22 మీటర్లు, తూకంలో దాదాపు 80 గ్రాములు. తరుగు పోను సరిపడాలంటే 100 గ్రాములు కొనండి.

వైండింగ్ తీగ మీద ఎనామెల్ పూత ఉంటుంది. నూలు జారేది దానివల్లే. ముక్కలు కోశాక 120 నంబరు గరుకు కాగితం మధ్య పెట్టి ఒకటి రెండుసార్లు లాగండి. మెరుపు పోతే చాలు, పూతంతా గీకెయ్యక్కర్లేదు. గీకిన పొడి పిల్లల దగ్గర పడకుండా తడిగుడ్డతో తుడిచేయండి.

పొడుగు ముక్కను సరిగ్గా మధ్యకు మడవండి. మడత దగ్గర పెన్సిల్ పెట్టి ఒక సెంటీమీటరు వెడల్పు రింగు వచ్చేలా తిప్పండి, అది తల. రింగు కింద రెండు పాయలనూ ఒకటిన్నర సెంటీమీటర్ల మేర మెలితిప్పితే మొండెం. మిగిలిన రెండు కొసలు కాళ్లు. ఒక్కో కాలు నాలుగున్నర సెంటీమీటర్లు మిగులుతుంది. దాన్ని సగానికి పైకి మడిచి, కొసను నడుము దగ్గరకు తెచ్చి నొక్కండి. ఇలా మడవడం వల్ల కాలికి లావు వస్తుంది, పదునైన కొస పాదం దగ్గర బయటికి రాదు. చిన్న ముక్కను మెడ కింద అడ్డంగా పెట్టి మొండానికి ఒక చుట్టు చుట్టి, రెండు చేతులనూ అదే పద్ధతిలో సగానికి మడవండి. చేతి కొసలు భుజం వైపు తిరగాలి.

ఇప్పుడు నూలు. బొమ్మకు రెండున్నర మీటర్లు పడుతుంది. కుట్టు మిషన్ దారం సన్నం, చుట్టీ చుట్టీ విసుగొస్తుంది. ఊలు లావు, చేతులు గదల్లా తయారవుతాయి. మగ్గం పడుగు చివర మిగిలిన మధ్యరకం నూలు గానీ, క్రోషియా దారం గానీ వాడండి. తీగకు ఫెవికాల్ వేలితో పలచగా పూసి, అది జిగటగా మారేదాకా రెండు నిమిషాలు ఆగండి. తడిగా ఉండగానే చుడితే దారం మొత్తం జిగురు పీల్చుకుని, ఆరాక గట్టిపడి నల్లగా కనిపిస్తుంది.

ముందు చేతులు, తర్వాత కాళ్లు, ఆఖర్న మొండెం చుట్టాలి. భుజం దగ్గర మొదలెట్టి చేతి కొస దాకా వెళ్లి, అదే దారంతో వెనక్కి భుజానికి రావాలి. కొస దగ్గర మొదలెడితే అక్కణ్నుంచే జారుతుంది. చుట్టు పక్కన చుట్టు ఆనుకుని ఉండాలి, మధ్యలో రాగి మెరుపు కనబడకూడదు. మొండెం మీద ఛాతీకి అడ్డంగా ఇంటూ గుర్తులా రెండుసార్లు వేస్తే చేతులు పైకీ కిందికీ జరగవు. చేతులు ఆఖర్న చుట్టేవాళ్ల బొమ్మలకు రెండో రోజుకే భుజాలు వదులవుతాయి.

తల ఊడడం సంగతి. రింగు ఖాళీగా వదిలేసి పైనుంచి చుడితే తల బంతిలా తిరుగుతుంది, చివరికి ఊడుతుంది. బటాణీ గింజంత దూదిని రింగు మధ్యలో కుక్కి, నూలును రింగులోంచి అడ్డంగా నాలుగైదుసార్లు, తర్వాత నిలువుగా అన్నిసార్లు దూర్చి బిగించండి. ఆ తర్వాత పైచుట్టు. చివరి కొసను సూదితో మెడ లోపలికి దించి కత్తిరించండి, ముడి బయట వెయ్యకండి.

బట్టలకు చారలుండే పలచటి నూలు గుడ్డ కావాలి. మూడు సెంటీమీటర్ల ముక్కలో పెద్ద పువ్వు పడితే అది మరకలా ఉంటుంది. చార రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు మించకూడదు. ఇంత చిన్న ముక్క కోస్తే అంచు పోగులు ఊడిపోతాయి కాబట్టి, కోయకముందే గుడ్డ వెనక ఒక వంతు ఫెవికాల్‌కు మూడు వంతుల నీళ్లు కలిపి బ్రష్‌తో పూసి ఆరనివ్వండి. మాయా ఆడవాళ్ల పావడా, అంటే కోర్తె, చాలా ఊళ్లలో కుచ్చిళ్లు లేకుండా నడుముకు చుట్టుకునే నిలువు గుడ్డ. బొమ్మకు 3 × 4 సెంటీమీటర్ల ముక్క చుట్టి, వెనక అంచు అంటించండి. రవిక, అంటే విపీల్, చేతులు కత్తిరించి కుట్టేది కాదు. మగ్గం మీంచి దింపిన బట్టకు తల పట్టేలా సందు ఉంచి తొడుక్కుంటారు. 2 × 4.5 సెంటీమీటర్ల ముక్క మధ్యలో చిన్న గాటు పెట్టి తల మీంచి దించి, నడుము దగ్గర రంగు దారంతో మూడు చుట్లు కడితే సరి.

జుట్టుకు 6 సెంటీమీటర్ల నల్ల దారాలు పదిహేను చాలు. మధ్యలో కట్టి పాపిట దగ్గర అంటించి రెండు జడలు వెయ్యండి. సాంతియాగో అతిత్లాన్ ఊరి ఆడవాళ్లు పొడుగాటి ఎర్ర పట్టీని తలచుట్టూ పళ్లెంలా చుట్టుకుంటారు. గ్వాటెమాలా 25 సెంటావోల నాణెం మీద ఉన్నది ఆ తలకట్టుతో ఉన్న మాయా స్త్రీ ముఖమే. ఎర్ర దారం పదిహేను చుట్లు వేస్తే ఆ రూపు వస్తుంది.

పూర్తయిన బొమ్మను పాత పట్టు గుడ్డ మీద అన్ని వైపులా తిప్పుతూ రాయండి. ఎక్కడన్నా పోగు పట్టుకుంటే లోపల తీగ కొస పైకొచ్చిందన్నమాట. అది అమ్మకానికి పనికిరాదు, విప్పి మళ్లీ చుట్టాలి. ఆరడానికి ఎండాకాలంలో గంట చాలు. శ్రావణంలో రాత్రంతా ఉంచండి.

ప్ర: ముఖానికి కళ్లు, నోరు గియ్యాలా?
– విద్యార్థిని, కాశీనగర్

జ: చాలా చిన్న బొమ్మలకు రెండు చుక్కలు, ఒక గీత చాలు. నవ్వు మాత్రం వెయ్యకండి. ఏడుస్తున్న పిల్లకు నవ్వే బొమ్మ వినేదానిలా అనిపించదు.

ప్ర: మాది పట్టు నేసే ఇల్లు. పోగులు చాలా మిగులుతాయి. బొమ్మలకు వాడొచ్చా? వాళ్ల పావడాల మీద కనిపించే నీలం, తెలుపు మసక గీతలు మన బాంధా లాగే ఉన్నాయి, ఒకటేనా?
– ఒక నేత కుటుంబం, బరంపురం

జ: పట్టు పోగు నున్నన. తీగ మీద నిలవదు, ముడి దానంతటదే విడిపోతుంది. నడికట్టుకి, తలపట్టీకి మాత్రం వాడండి. నాలుగు పోగులు కలిపి పురి ఎక్కిస్తే మెరుస్తూ అందంగా ఉంటుంది. శరీరానికి నూలే.

రెండో సంగతి మీరు సరిగ్గా పట్టుకున్నారు. దాన్ని అక్కడ హాస్పె అంటారు. నేతకు ముందే నూలును అక్కడక్కడ కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు, నేసేటప్పుడు ఆ చోట్లు వరస కలిసి బొమ్మ తేలుతుంది. పశ్చిమ ఒడిశా బాంధా, పోచంపల్లి చిటికీ పని, సాల్కహా ఊరి హాస్పె పద్ధతిలో ఒక్కటే. మీ బరంపురం చీరల కుంభం అంచు వేరు. అది నేతలో పుట్టేది, అద్దకంలో కాదు.

అక్కడ మగ్గాలు రెండు రకాలు. ఆడవాళ్లది నడుము మగ్గం. పడుగు ఒక కొసను చెట్టుకో, స్తంభానికో కట్టి, రెండో కొసకున్న పట్టీని నడుము చుట్టూ వేసుకుని నేల మీద కూర్చుంటారు. వెనక్కి వాలితే పడుగు బిగుసుకుంటుంది, ముందుకు వంగితే వదులవుతుంది. బట్ట వెడల్పు చేతులు చాచినంతే వస్తుంది కాబట్టి రవికకు రెండు మూడు పన్నాలు జోడిస్తారు. స్పానిష్ వాళ్లు తెచ్చిన కాలితొక్కుడు మగ్గం మీద ఎక్కువగా మగవాళ్లు పావడా బట్ట నేస్తారు. బొమ్మలకు చుట్టే ముక్కల్లో చాలావరకు ఈ రెండు మగ్గాల దగ్గర మిగిలినవే.

1960 నుంచి 1996 వరకు ఆ దేశంలో అంతర్యుద్ధం జరిగింది. ఎక్కువగా నష్టపోయింది మాయా ఊళ్లే. భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు చాలాచోట్ల నేత సంఘాలుగా కూడి ఇల్లు నెట్టుకొచ్చారు. ఒక దిగులు బొమ్మ చేతిలోకి తీసుకున్నప్పుడు ఈ సంగతి తెలిసి ఉండాలని మా కోరిక.

ప్ర: మేం చేసినవి "మాయా బొమ్మలు" అని అమ్మొచ్చా? వాటి మీద నియమగిరి కొండల్లోని డోంగ్రియా కోంధుల శాలువా కుట్టు వేస్తే గిరాకీ ఉంటుందని ఒక వ్యాపారి అంటున్నాడు. ధర ఎంత పెట్టాలి?
– ఒక స్వయం సహాయక బృందం, బిసంకటక్

జ: "మాయా" అని రాయకండి. గ్వాటెమాలా నేతకత్తెలు తమ నమూనాలను ఫ్యాక్టరీలు కాపీ కొడుతున్నాయని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లారు. ఆ నేతకు రక్షణగా చట్టం చెయ్యాలని 2017లో కోర్టు పార్లమెంటుకు సూచించింది. "గ్వాటెమాలా దిగులు బొమ్మల పద్ధతిలో రాయగడ జిల్లాలో చేసినవి" అని రాస్తే నిజం చెప్పినట్టూ ఉంటుంది, మీ ఊరి పేరూ ఉంటుంది.

డోంగ్రియా కుట్టు సంగతీ అంతే. ఆ శాలువా, కప్డాగండా, 2024లో భౌగోళిక గుర్తింపు పొందింది. దాన్ని మీరు అనుకరించకూడదు. ఆ కుట్టే కావాలనుకుంటే నియమగిరి ఊళ్లలో కుట్టే ఆడవాళ్ల దగ్గర ముక్కలు వాళ్లు చెప్పిన ధరకు కొనండి. ఆ వ్యాపారి మాట వినకండి.

ధరకు లెక్క ఇలా కట్టండి. చెయ్యి తిరిగాక బొమ్మకు దాదాపు అరగంట పడుతుంది, తీగ వంచడం, గుడ్డకు జిగురు పూయడం అన్నీ కలిపి. రోజంతా కూర్చుంటే పదహారు. మీ ఊళ్లో రోజు కూలి 400 అయితే బొమ్మకు కూలే 25 రూపాయలు. సామాను నాలుగైదు రూపాయలు. డబ్బా, చెడిపోయిన బొమ్మల నష్టం, సంతకు వెళ్లొచ్చే చార్జీ కలిపితే 40కి తక్కువ అమ్మడం అంటే కూలి వదులుకోవడమే. ఆరింటి డబ్బా వందకి అడిగేవాళ్లకు దణ్ణం పెట్టి పంపెయ్యండి.

పద్నాలుగేళ్ల లోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయంలో నమోదైన కళాకారులు చేసి అమ్మేవాటికి మినహాయింపు ఉంది. కాబట్టి ముందు ఆ కార్యాలయం ఇచ్చే పెహచాన్ కార్డుకు దరఖాస్తు పెట్టుకోండి.

ప్ర: మా మనవడికి రెండేళ్లు. ఇవ్వొచ్చా?
– ఒక తాతగారు, జయపురం

జ: వద్దు. నోట్లో పెట్టుకుంటే గొంతులో ఇరుక్కునే సైజు, లోపల తీగ కూడా. మూడేళ్లు దాటాక కూడా పెద్దవాళ్లు పక్కనుండాలి. నోట్లో పెట్టుకునే అలవాటు పూర్తిగా పోయాకే తలగడ దగ్గరకి.

ప్ర: తొమ్మిదేళ్ల పాప. నెల రోజులుగా రోజూ రాత్రి ఒకే బొమ్మకు ఏదో చెప్పి ఏడుస్తోంది. బడికి వెళ్లనంటోంది. ఇంకా బొమ్మలు కొనిపెట్టమంటారా?
– ఒక అమ్మ, కోరాపుట్

జ: వద్దమ్మా. ఇది బొమ్మకు మించిన దిగులు. ఆ బొమ్మనే ఆసరా చేసుకోండి. రాత్రి కాకుండా మధ్యాహ్నం, పాప పక్కన కూర్చుని, "ఈ బొమ్మ ఒక్కతే మోస్తోంది, నేనూ కాస్త మోస్తాను" అని అడగండి. చెబితే మధ్యలో అడ్డు రాకుండా వినండి. వెంటనే బడి మీదికో, ఇంకెవరి మీదికో ఎగరకండి. చెప్పకపోతే బలవంతం వద్దు, మర్నాడు మళ్లీ అడగండి.

ఇంట్లో గానీ, బడిలో గానీ, దారిలో గానీ ఎవరైనా పాపను బాధపెడుతున్నారని అనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చెయ్యండి. నిద్ర, తిండి తగ్గడం, బడి మానేయడం కొనసాగితే మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లడానికి ఊరివాళ్లేమంటారోనని జంకకండి.

ప్ర: గత ఏడాది వానాకాలంలో బొమ్మలకు బూజు పట్టింది. ఉతకొచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, సునాబేడ

జ: ఉతికితే జిగురు కరిగి చుట్లన్నీ వదులవుతాయి. పొడి టూత్‌బ్రష్‌తో ఆరుబయట దులిపి, రెండు మూడు గంటలు ఎండలో పెట్టండి. అంతకు మించితే రంగు వెలుస్తుంది. తర్వాత గాలి చొరని డబ్బాలో, అడుగున పిడికెడు వేయించిన బియ్యం గుడ్డలో మూటకట్టి వెయ్యండి, తేమ పీల్చుకుంటుంది. పదిహేను రోజులకోసారి ఆ బియ్యం మళ్లీ వేయించాలి. ఊలుతో చేసినవైతే ఎండిన వేపాకు కూడా వెయ్యండి. కలరా ఉండలు మాత్రం పిల్లలు పడుకునే చోట వాడొద్దు.